నొక్కితే స్టార్ట్‌... నేర్చుకుంటే కెరియర్‌!

పాత కారుకు పుష్‌ బటన్‌ స్టార్ట్‌ పెట్టించుకోవాలన్న ముచ్చట చాలామందికి ఉంది. కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. సరిగ్గా బిగించే చేతులే తక్కువ. తప్పుగా బిగిస్తే మాత్రం నడుస్తున్న కారు స్టీరింగ్‌ బిగుసుకుపోవచ్చు! వీర్నపల్లి అయినా, కోరుట్ల అయినా... ఆటో ఎలక్ట్రీషియన్‌ కావాలనుకుంటే ముందు ఇవి తెలుసుకోండి.

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో పది పదిహేనేళ్ల నాటి స్విఫ్టో, ఆల్టోనో, ఇండికానో ఉండే ఉంటుంది. ఇంజిన్‌ బాగుంది. ఏసీ పనిచేస్తోంది. అమ్ముదామంటే మనసొప్పదు. అయితే పక్కింటి కొత్త కారులో తాళంచెవి జేబులోంచి తీయకుండానే డోర్‌ తెరుచుకుంటోంది. బటన్‌ నొక్కితే ఇంజిన్‌ స్టార్ట్‌ అవుతోంది. 'మన బండికి కూడా అది పెట్టిస్తే అయిపాయె!' అని ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు.

ఆన్‌లైన్‌లో చూస్తే కొన్ని వేల రూపాయలకే కిట్‌ కనిపిస్తుంది. డబ్బాలో ఒక బటన్‌, రెండు రిమోట్‌ కీలు, ఒక కంట్రోల్‌ బాక్సు, గుప్పెడు రంగురంగుల వైర్లు. సరే, బిగించేదెవరు? కారు యజమాని అక్కడే ఆగిపోతాడు. మీకు అవకాశం అక్కడే మొదలవుతుంది.

రాజన్న సిరిసిల్ల, జగిత్యాల జిల్లాల్లో గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మనిషి లేని ఊరు అరుదు. అక్కడ బటన్‌ కార్లు చూసినవాళ్లు ఇక్కడా అదే సౌకర్యం అడగడం సహజమే. కాబట్టి పని వస్తుంది. కానీ ఈ పనిలో బటన్‌ బిగించడం అన్నింటికంటే చిన్న భాగం. మిగతాది తెలియకుండా చేయి పెడితే అవతలివాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

తాళంచెవి చేసే పనులు నాలుగు

కారు తాళంచెవి అంటే మనకు ఇంజిన్‌ను తిప్పేది మాత్రమే. నిజానికి అది ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. ముందు వీటిని విడివిడిగా అర్థం చేసుకోండి.

మొదటిది కరెంటు పంచడం. ఇగ్నిషన్‌ స్విచ్‌లో లాక్‌, ఏసీసీ, ఆన్‌, స్టార్ట్‌ అనే నాలుగు స్థానాలుంటాయి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును ఒక్కో స్థానంలో ఒక్కో వైరుకు పంపిస్తుంది. ఏసీసీలో పాటల సిస్టమ్‌, ఆన్‌లో ఇంజిన్‌ కంప్యూటర్‌, ఇంధన పంపు... ఇలా. స్టార్ట్‌ దగ్గర కొద్ది క్షణాలు స్టార్టర్‌కు కరెంటు వెళ్తుంది. ఆ సమయంలో పాటల సిస్టమ్‌ ఆగిపోతుంది, ఇంజిన్‌ కంప్యూటర్‌ మాత్రం ఆగదు.

రెండోది స్టీరింగ్‌ లాక్‌ తీయడం. తాళం తిప్పినప్పుడు స్టీరింగ్‌ కాలమ్‌లో ఉన్న ఒక ఇనుప పిన్ను వెనక్కి జరుగుతుంది. ఇది పూర్తిగా యాంత్రికమైన పని. ఏ వైరూ దీన్ని చేయలేదు.

మూడోది గుర్తింపు చూపించడం. ఇమ్మొబిలైజర్‌ ఉన్న కారులో తాళంచెవి తలలో చిన్న చిప్‌ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే గొట్టం చుట్టూ ఉన్న కాయిల్‌ నుంచే శక్తి తీసుకుని 'నేనే అసలు తాళాన్ని' అని చెబుతుంది. ఆ జవాబు సరిపోకపోతే ఇంజిన్‌ కంప్యూటర్‌ బండిని నడవనివ్వదు. మారుతి కార్లలో ఐ-క్యాట్స్‌ అని వినే ఉంటారు, అది ఇదే.

నాలుగోది మనిషి అక్కడ ఉన్నాడని నిరూపించడం. తాళం తిప్పాలంటే డ్రైవర్‌ సీటు దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సిందే కదా!

ఇప్పుడు కిట్‌ సంగతి చూడండి. అది మొదటి పనిని రిలేలతో చేస్తుంది. నాలుగో పనిని రేడియోతో చేస్తుంది. కారులోని యాంటెన్నా సాధారణంగా 125 కిలోహెర్ట్జ్‌ దగ్గర చిన్న సంకేతం పంపుతుంది. జేబులోని రిమోట్‌ కీ మేల్కొని, చాలా కిట్లలో 433 మెగాహెర్ట్జ్‌ దగ్గర జవాబిస్తుంది. బాగానే ఉంది. మరి రెండోది, మూడోది? అవి అలాగే ఉంటాయి. తప్పులన్నీ జరిగేది ఆ రెండింటి దగ్గరే.

సాంచె నేర్పే పాఠం... కారులో తిరగబడుతుంది

సిరిసిల్ల వైపు పిల్లలకు సాంచె చప్పుడు కొత్త కాదు. పేక తెగితే సాంచె దానంతటదే ఆగిపోవాలి. ఆగకపోతే గుడ్డ పాడవుతుంది. అనుమానం వస్తే ఆగిపో... మరమగ్గం సూత్రం ఇదే.

కారుకు ఈ సూత్రం సగమే పనికొస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఏ చిన్న అనుమానం ఉన్నా ఇంజిన్‌ స్టార్ట్‌ కాకూడదు. బండి నడుస్తున్నప్పుడు మాత్రం అనుమానం వచ్చినా ఇంజిన్‌ ఆగకూడదు, స్టీరింగ్‌ లాక్‌ పడకూడదు. రిమోట్‌ కీ బ్యాటరీ అయిపోవచ్చు. సంకేతం అందకపోవచ్చు. పక్క సీట్లోని పిల్లాడు బటన్‌ నొక్కేయొచ్చు. అరవై కిలోమీటర్ల వేగంలో ఇంజిన్‌ ఆగిపోతే పవర్‌ స్టీరింగ్‌ సాయం పోతుంది. నాలుగైదుసార్లు తొక్కేసరికి బ్రేక్‌ గట్టిపడిపోతుంది.

అలాగని అసలు ఆపలేని పరిస్థితీ ఉండకూడదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్‌ డీగో దగ్గర ఒక లెక్సస్‌ కారు యాక్సిలరేటర్‌ కింద మ్యాటులో ఇరుక్కుపోయింది. కారు అదుపు తప్పి అందులోని నలుగురూ చనిపోయారు. అది బటన్‌ స్టార్ట్‌ కారు. నడుస్తున్నప్పుడు ఇంజిన్‌ ఆపాలంటే బటన్‌ను దాదాపు మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కంగారులో ఉన్న డ్రైవర్‌కు, అదీ తనది కాని కారులో, ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే 'అత్యవసరంలో ఇలా ఆపాలి' అని యజమానికే కాదు, ఆ కారు నడిపే ఇంట్లోవాళ్లందరికీ చేసి చూపించడం బిగించేవాడి బాధ్యత.

ఎక్కడ దారి తప్పుతారు?

స్టీరింగ్‌ లాక్‌ దగ్గర: చేయి తిరగనివాళ్లు సాధారణంగా చేసే పని ఒకటుంది. అసలు తాళాన్ని గొట్టంలోనే పెట్టి, స్టీరింగ్‌ లాక్‌ పడకుండా తిప్పి, పైన కవర్‌ మూసేయడం. అంటే తాళంచెవి ఎప్పుడూ బండిలోనే! కవర్‌ విప్పగలిగిన ఎవరికైనా కారు సొంతమే. కొందరు పిన్నునే కోసేస్తారు. అప్పుడు లాక్‌ ఇక ఎప్పటికీ పడదు. దొంగకు ఒక అడ్డు తగ్గింది. అన్నింటికంటే ప్రమాదం ఏమిటంటే, ఆ పిన్నును సగం సగం కదిపి వదిలేయడం. మలుపులో అది జారి పడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. బటన్‌ స్టార్ట్‌తోనే తయారైన కార్లలో స్టీరింగ్‌ లాక్‌కు వేరే ఏర్పాటు, దాన్ని కాపలా కాసే కంప్యూటర్‌ ఉంటాయి. మామూలు కిట్‌ డబ్బాలో అవి రావు.

ఇమ్మొబిలైజర్‌ దగ్గర: రెండో తాళంలోని చిప్‌ను తీసి డాష్‌బోర్డు కింద, కాయిల్‌ పక్కన టేపు వేసి అంటించేస్తారు. ఇంజిన్‌ స్టార్ట్‌ అవుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ ఆ క్షణం నుంచి ఇమ్మొబిలైజర్‌ చచ్చిపోయినట్టే. అది లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ 2011-2021 మధ్య అమ్మిన చాలా కియా, హ్యుందాయ్‌ కార్లలో తాళంతో స్టార్ట్‌ చేసే రకాలకు ఇమ్మొబిలైజర్‌ లేదు. 2021 తర్వాత సోషల్‌ మీడియా వీడియోలు చూసి కుర్రాళ్లు వాటిని వరుసగా ఎత్తుకెళ్లారు. అవే కంపెనీల బటన్‌ స్టార్ట్‌ కార్లకు ఇమ్మొబిలైజర్‌ ఉండటంతో ఆ చిట్కా వాటి మీద పనిచేయలేదు. అంటే కాపాడింది బటన్‌ కాదు, దాని వెనకున్న ఇమ్మొబిలైజర్‌. మనం బటన్‌ కోసం దాన్నే తీసేస్తే ఎలా?

చిప్‌ వాడక తప్పకపోతే బైపాస్‌ మాడ్యూల్‌ వాడాలి. రిమోట్‌ కీ దగ్గర్లో ఉందని తేలినప్పుడే అది చిప్‌ను కాయిల్‌కు కలుపుతుంది. టేపు పని కంటే ఇది మేలు. అయినా చిప్‌ బండిలోనే ఉందన్న సంగతి యజమానికి చెప్పి తీరాలి.

గేరు దగ్గర: చాలా కిట్లు బ్రేక్‌ పెడల్‌ సంకేతం చూసి స్టార్ట్‌ చేస్తాయి. ఆటోమేటిక్‌ కార్లకు అది సరిపోతుంది. మన దగ్గర పాత కార్లలో ఎక్కువ శాతం మాన్యువల్‌ గేరువే. ఇంటి ముందు వాలు ఉందని బండిని మొదటి గేరులో పెట్టి వదలడం మనకు అలవాటు. క్లచ్‌ తొక్కకుండా స్టార్టర్‌ తిరిగితే బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. ముందు ఆడుకునే పిల్లలున్నారేమో? కాబట్టి మాన్యువల్‌ కారులో క్లచ్‌ స్విచ్‌ బిగించి, అది నొక్కితేనే స్టార్ట్‌ అయ్యేలా చేయాలి. ఫోన్‌తోనో, దూరం నుంచి రిమోట్‌తోనో ఇంజిన్‌ స్టార్ట్‌ చేసే సౌకర్యాన్ని మాన్యువల్‌ కారులో కలపనే వద్దు. కస్టమర్‌ ఎంత బతిమాలినా సరే.

బ్యాటరీ దగ్గర: కిట్‌ రాత్రీపగలూ రిమోట్‌ కీ కోసం వెతుకుతూనే ఉంటుంది. అది 20 మిల్లీఆంపియర్లు వాడుకుంటుందనుకోండి. రోజుకు 0.48 ఆంపియర్‌ అవర్‌. నెలకు 14.4. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్‌ అవర్‌ బ్యాటరీలో ఇది 40 శాతం! దీనికి కారు గడియారం, కంప్యూటర్లు వాడుకునేది అదనం. కొడుకు దుబాయ్‌ వెళ్లాక నెలల తరబడి షెడ్డులోనే ఉండే కార్లు మన ఊళ్లలో ఎన్నో. అలాంటి కారుకు ఈ కిట్‌ పెడితే ఆయన సెలవుకు వచ్చేసరికి డోర్‌ కూడా తెరుచుకోదు. కిట్‌కు వేరే ఫ్యూజు, బండి నిలిపేటప్పుడు తీసేయడానికి వీలుగా ఓ స్విచ్‌ పెడితే సమస్య తీరుతుంది.

వైర్ల దగ్గర: ఇగ్నిషన్‌ వైర్లలో ఎక్కువ కరెంటు నడుస్తుంది. వాటిని చేత్తో మెలేసి ఇన్సులేషన్‌ టేపు చుట్టడం అంటే మంటలను పిలవడమే. సరైన మందం వైరు, క్రింపింగ్‌ లేదా సోల్డరింగ్‌, పైన హీట్‌ ష్రింక్‌ స్లీవ్‌, బ్యాటరీ వైపు ఫ్యూజు... వీటిలో ఏ ఒక్కటీ వదలొద్దు. ఎయిర్‌బ్యాగ్‌ ఉన్న కారైతే పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్‌ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. స్టీరింగ్‌ కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వే. ఇంజిన్‌ కంప్యూటర్‌ వైర్ల మీద బల్బు టెస్టర్‌ వాడకండి, మల్టీమీటరే వాడండి.

మధ్యేమార్గం ఒకటుంది

కస్టమర్‌కు నిజంగా కావాల్సింది ఏమిటో అడగండి. చాలామందికి కావాల్సింది బటన్‌ నొక్కే ముచ్చట, రిమోట్‌తో డోర్‌ తెరుచుకునే సుఖం. ఆ రెండింటికీ తాళాన్ని పీకేయాల్సిన పనిలేదు.

తాళంచెవిని ఎప్పటిలాగే పెట్టి 'ఆన్‌' దాకా తిప్పుతారు. స్టీరింగ్‌ లాక్‌ తెరుచుకుంటుంది. చిప్‌ను కారు గుర్తిస్తుంది. ఆ తర్వాత క్లచ్‌ తొక్కి బటన్‌ నొక్కితే రిలే ద్వారా స్టార్టర్‌ తిరుగుతుంది. ఇంజిన్‌ నడుస్తుండగా మళ్లీ నొక్కినా స్టార్టర్‌ తిరగకుండా చూసే మాడ్యూల్‌ మాత్రం తప్పనిసరి, లేదంటే పళ్లు అరిగిపోతాయి. డోర్ల కోసం విడిగా రిమోట్‌ సెంట్రల్‌ లాకింగ్‌ పెట్టుకోవచ్చు. తాళంలోని స్టార్ట్‌ స్థానం అలాగే ఉంటుంది కాబట్టి బటన్‌ చెడిపోయినా బండి దారిలో నిలబడిపోదు. దీన్ని పూర్తి కీలెస్‌ అనలేం. కానీ తాళంచెవి చేసే నాలుగు పనుల్లో ఒక్కటీ చెడదు. ఖర్చూ తక్కువే. పాత కారుకు ముందుగా మీరు చెప్పాల్సిన సలహా ఇదే.

లేదు, పూర్తి కీలెస్సే కావాలంటే... దానికి మరో ముప్పు కూడా ఉందని చెప్పండి. ఇద్దరు దొంగలు రెండు పరికరాలతో వస్తారు. ఒకరు ఇంటి గోడ పక్కన నిలబడి లోపలున్న రిమోట్‌ కీ సంకేతాన్ని పట్టుకుంటారు, రెండోవాడు కారు దగ్గర దాన్ని వినిపిస్తాడు. కీ పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. దీన్నే రిలే దాడి అంటారు. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ 2016లోనే పేరున్న కంపెనీల కార్లను ఇలా తెరిచి చూపించింది. ఖరీదైన కార్లకే ఈ గతి పడితే చవక కిట్‌ సంగతి ఊహించుకోండి. రాత్రిపూట రిమోట్‌ కీని మూత గట్టిగా పడే లోహపు డబ్బాలో పెట్టుకుంటే కొంత రక్షణ.

చట్టం, బీమా మర్చిపోవద్దు

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) సెక్షన్‌ ప్రకారం అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆర్‌సీలో స్టార్ట్‌ బటన్‌ గురించి గడి ఉండదు. అయినా స్టీరింగ్‌ లాక్‌ను కదిపే పని ఏదైనా ముందుగా ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోమని కస్టమర్‌కు చెప్పండి.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. కంపెనీ ఇవ్వని ఎలక్ట్రానిక్‌ పరికరాలు బిగిస్తే బీమా సంస్థకు తెలియజేయాలి. వాటికి సాధారణంగా వాటి విలువలో 4 శాతం అదనపు ప్రీమియంతో రక్షణ దొరుకుతుంది. కారు పోయినప్పుడు క్లెయిమ్‌ కోసం వెళ్తే అసలు తాళంచెవులు రెండూ చూపించమంటారు. ఒక తాళం డాష్‌బోర్డులో దాచి ఉంటే అది కారుతోపాటే పోయింది. ఇక ఏం చూపిస్తారు?

అప్పగించే ముందు ఈ పరీక్షలు

పని పూర్తయ్యాక బండిని వెంటనే ఇచ్చేయకండి. ఖాళీ స్థలంలో వీటిని ఒక్కొక్కటిగా చూసి, కాగితం మీద రాసి, కస్టమర్‌తో సంతకం చేయించి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

క్లచ్‌ తొక్కకుండా బటన్‌ నొక్కితే స్టార్ట్‌ కాకూడదు.

రిమోట్‌ కీని పాతిక అడుగుల దూరంలో పెడితే స్టార్ట్‌ కాకూడదు.

ఇంజిన్‌ నడుస్తుండగా రిమోట్‌ కీని బయటికి తీసుకెళ్తే అలారం మోగాలి, ఇంజిన్‌ మాత్రం ఆగకూడదు.

బండి మెల్లగా కదులుతుండగా బటన్‌ ఒక్కసారి తాకితే ఏమీ జరగకూడదు. నొక్కి పట్టుకుంటేనే ఆగాలి. ఆగినా స్టీరింగ్‌ లాక్‌ పడకూడదు.

రిమోట్‌ కీ బ్యాటరీ తీసేస్తే బండిని ఎలా స్టార్ట్‌ చేయాలో కస్టమర్‌ తనే చేసి చూపించాలి.

అన్నీ ఆపి, కొంతసేపు ఆగి, మీటరుతో బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలవాలి. బిగించకముందు కొలిచిన అంకెతో పోల్చాలి.

వీటిలో ఒక్కటి తప్పినా కిట్‌ విప్పేసి కారును మొదట్లా చేసి ఇవ్వాలి. అలా విప్పగలగాలంటే మొదటి రోజే ఏ వైరు ఎక్కడ కలిపారో బొమ్మ గీసుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి.

నేర్చుకునే దారి ఇదీ

పదో తరగతి పాసైతే చాలు, ఐటీఐలో మెకానిక్‌ మోటార్‌ వెహికల్‌ లేదా ఎలక్ట్రీషియన్‌ ట్రేడ్‌లో చేరొచ్చు. రెండూ రెండేళ్ల కోర్సులే. ఎలక్ట్రిక్‌ వాహనాల మెకానిక్‌ కోర్సు కూడా వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్‌ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. మీకు దగ్గర్లోని సెంటర్‌లో ఏ కోర్సులున్నాయో వెళ్లి అడగండి. కోర్సు తర్వాత అప్రెంటిస్‌షిప్‌ తప్పకుండా చేయండి. కంపెనీ సర్వీస్‌ సెంటర్‌లో ఏడాది ఉంటే వైరింగ్‌ డయాగ్రమ్‌ చదవడం వస్తుంది. ఈ వృత్తిలో అసలు అక్షరాభ్యాసం అదే.

సొంతంగా షాపు పెట్టాలంటే ముద్ర రుణం ఉంది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్‌ కింద 5 లక్షల దాకా అడగొచ్చు. మొదట కావాల్సిన సామాను కూడా ఎక్కువేం కాదు... మంచి డిజిటల్‌ మల్టీమీటర్‌, డీసీ క్లాంప్‌ మీటర్‌, క్రింపింగ్‌ టూల్‌, సోల్డరింగ్‌ ఐరన్‌, ఓబీడీ స్కానర్‌. గల్ఫ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా వెళ్లాలనుకుంటే ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టే ముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించండి. మిగతా ఏజెంట్లకు కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో చూసుకోండి.

బటన్‌ స్టార్ట్‌ ఈ వృత్తిలో ఒక్క పని మాత్రమే. రివర్స్‌ కెమెరా, జీపీఎస్‌, సెంట్రల్‌ లాకింగ్‌, బ్యాటరీ లీకేజీ వెతకడం, రేపటి ఎలక్ట్రిక్‌ ఆటోలు... అన్నింటికీ కావాల్సింది ఇదే నైపుణ్యం. ఒక వైరు కోసే ముందు అది ఇంకా ఏయే పనులు చేస్తోందో ఆలోచించడం.

ఊళ్లో మెకానిక్‌ పేరు నోటి మాటతోనే పెరుగుతుంది, నోటి మాటతోనే పోతుంది. 'ఫలానా పిల్లగాడు బటన్‌ పెట్టిండు' అన్నది ఒక పేరు. 'ఈ బండికి వద్దన్నా, ఇట్ల చేసుకుంటే మంచిదని చెప్పిండు' అన్నది ఇంకో పేరు. ఆ రెండో మాట విన్నవాళ్లే తమ తాళం మీ చేతికిస్తారు.